ఊరికి చాటింపు వేసినోళ్ళం, మన సరుకు సంగతి మనమే చాటుదాం

(తనకల్లులో చిన్న అంగళ్ళు, టీ బంకులు, చేతిపనులు పెట్టుకొని బతుకుతున్న దళిత సోదరీ సోదరుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. రాలేకపోయినవాళ్ళ కోసం అచ్చు వేస్తున్నాం. చదువు రానివాళ్ళకు చదివి వినిపించండి.)



మీరంతా ఒకపూట బేరం పోగొట్టుకొని ఇక్కడికి వచ్చినారు. టీ బంకు అక్క పొయ్యి ఆర్పి వచ్చింది. చెప్పులు కుట్టే పెద్దాయన గోనెపట్టా చుట్టిపెట్టి వచ్చినాడు. మిషను కుట్టే చెల్లెళ్ళు, కోళ్ళ అంగడి తమ్ముడు, గొర్రెలు మేకలు బేరం చేసేవాళ్ళు, కూరగాయల గంపలోళ్ళు, సెల్లు రిపేరు పిల్లోడు, అందరూ ఉన్నారు. ఆ పూట కూలికి సరిపడా పనికొచ్చే మాట నేను చెప్పకపోతే మీకు నష్టం. అందుకని ఉపన్యాసం తగ్గించి ముచ్చట మాదిరి మాట్లాడతాను.

ముందుగా ఒక సంగతి గుర్తు చేస్తాను. ఊళ్ళో జాతరన్నా, పన్ను కట్టమన్నా, ఎద్దు తప్పిపోయిందన్నా, తప్పెట మెడలో వేసుకొని వీధి వీధి తిరిగి చాటింపు వేసింది ఎవరు? మన తాతలు. ఏ మలుపు కాడ నిలబడి కొడితే ఎన్ని ఇండ్లకు వినపడుతుందో వాళ్ళకు తెలుసు. తప్పెట ఆపినాక ఎంతసేపటికి జనం చెవి పెడతారో తెలుసు. ఎన్ని మాటల్లో చెబితే గుర్తుంటుందో తెలుసు. ఈ రోజు పట్నాల్లో దీనికే కమ్యూనికేషన్ అని పేరుపెట్టి ఫీజు తీసుకొని నేర్పుతున్నారు. మనం కూలి గింజలకు చేసిన పని అది.

అయితే ఒక్క లోపం ఉండాది. ఊరి సంగతి చాటినాం, మన సంగతి చాటుకోలేదు. 1994లో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి దండోరా అనే మాటను ఉద్యమం పేరు చేసుకున్నప్పుడు ఆ తప్పెట హక్కు కోసం మోగింది. వర్గీకరణ మీద ఈ సభలో అందరిదీ ఒకే మాట కాదని నాకు తెలుసు, ఆ చర్చ ఇంకో రోజు. ఈ రోజు నేను అడిగేది ఇంతే: మన అంగడి కోసం, మన పని కోసం ఆ తప్పెట ఎందుకు మోగకూడదు?

ఉద్యమంలో అంగడి ముచ్చట ఎందుకని కొందరు తమ్ముళ్ళు అడిగినారు. భూమి అడగాల, కూలి అడగాల, రిజర్వేషన్ అడగాల, నిజమే. కానీ ఈ కరువు నేలమీద, పాత అనంతపురం జిల్లాలో, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, శెనిక్కాయ పోతే కూలి పోతుంది. కూలి పోతే బెంగళూరు బస్సు ఎక్కుతాం. బస్సు ఎక్కకుండా ఇక్కడే నిలబడినోళ్ళలో చానామంది ఇట్లా బంకు పెట్టుకున్నోళ్ళే. ఒకరి పొలం గట్టు మీద చెయ్యి కట్టుకొని నిలబడాల్సిన పని లేనివాడు సంఘం మీటింగుకు ధైర్యంగా వస్తాడు. అంగడి నిలబడితే మనిషి నిలబడతాడు. అందుకని ఇది ఉద్యమం ముచ్చటే.

ఇంకో మాట. బాబాసాహెబ్ కూడా ఒకసారి వ్యాపారం పెట్టినాడు. ఈ సంగతి మనలో చానామందికి తెలీదు. అమెరికాలో, లండన్‌లో ఆర్థికశాస్త్రం చదివి 1917లో తిరిగి వచ్చినాడు. బరోడాలో ఉద్యోగం, అవమానాలు పడలేక వదిలేసినాడు. బొంబాయిలో షేర్లు, స్టాకుల మీద సలహాలిచ్చే సంస్థ పెట్టినాడు. ఆ రోజుల్లో ఆయనంత చదువు ఉన్నోళ్ళు బొంబాయిలో ఎందరు? అయినా సలహా ఇచ్చేది అంటరానివాడని తెలియంగానే గిరాకీలు రావడం మానేసినారు. సంస్థ మూతపడింది. 1918లో సిడెన్‌హాం కాలేజీలో ప్రొఫెసరుగా చేరినాడు.

దీన్లోనుంచి రెండు పాఠాలు తీసుకోవాల. ఒకటి, మన అంగడికి గిరాకీ రాకపోతే తప్పంతా మనదే కాదు. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అంటారు. మన వాడ ఊరికి అవతల ఉండాది, మన నోరు ఎంత మంచిదైనా ఊరు తనంతట తాను మంచిది కాదు. ఆలోచన మార్చుకుంటే చాలు కోటీశ్వరులైపోతారని చెప్పేవాళ్ళను నమ్మొద్దు, వాళ్ళు కులం మాట ఎత్తరు. రెండోది, కులం ఉందని చెప్పి నీళ్ళ టీ అమ్మకూడదు. కులం మన చేతిలో లేదు. టీ మన చేతిలో ఉండాది. మన చేతిలో ఉన్నదాన్ని సరిచేసుకుందాం, లేనిదానితో కలిసి కొట్లాడదాం.

ఇప్పుడు పనికొచ్చే మాటలు.

మొదటిది, నోటి మాట. మన అంగట్లో రెండు రకాల మాట వింటున్నాను. ఒకటి భయం మాట: "సామీ, దొరా, మీ దయ". రెండోది కోపం మాట: "కావాలంటే తీసుకో, లేకుంటే పో". భయం మాట మనల్ని బానిసను చేస్తుంది, కోపం మాట గిరాకీని పంపిస్తుంది. మధ్యలో ఒక మాట ఉండాది, అది సమానం మాట. "రాండన్నా, కూర్చోండి. ఏం కావాల?" అంతే. అన్నా, అక్కా, పెద్దాయనా అని పిలిస్తే మర్యాదకు మర్యాద ఉంటుంది, వంగినట్టూ ఉండదు.

మీసం రాని పిల్లోడు వచ్చి మన అరవై ఏండ్ల పెద్దాయన్ను "ఏమ్రా, ఈ చెప్పు కుట్టు" అంటాడు. ఏం చెయ్యాల? తిడితే ఊరు పైన పడుతుంది. తలవంచితే లోపల చస్తాం. నేను చెప్పేది ఇది: పని ఆపండి, తల ఎత్తి మొగం చూడండి, మెల్లగా "ఏం నాయనా, ఏం కావాల చెప్పండి" అనండి. మీరు "అండి" అంటారు, వాడి "రా" గాల్లో వేలాడుతుంది. పక్కన నలుగురు ఉంటే వాళ్ళకూ అర్థమవుతుంది. అందరూ మారరు, కొందరు మారతారు. మారని వాడు కులం పేరు పెట్టి తిడితే మాత్రం అది మర్యాద సంగతి కాదు, చట్టం సంగతి. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మాట్లాడటం కంటే వినడం పెద్ద పని. గిరాకీ తిరిగి పోతాడే, పోతా పోతా ఒక మాట అంటాడు: "చిల్లర లేదంటావు", "నిన్న చెప్పిన టైముకు ఇయ్యలేదు", "బ్లౌజు చంకలో పట్టేసింది". ఆ మాటను మనం తిట్టు అనుకుంటాం. అది ఖర్చు లేకుండా వచ్చిన సలహా. రాత్రి అంగడి మూసేటప్పుడు ఆ రోజు విన్న అట్లాంటి మాట ఒక్కటి ఇంట్లో చెప్పుకోండి. ఒకే మాట మూడుసార్లు వస్తే అది సరిచేయాల్సిన పని. ధర ముందే చెప్పండి. పని అయినాక ధర చెబితే కొట్లాటే. గురువారం ఇస్తానంటే గురువారం ఇయ్యండి, కాదనుకుంటే బుధవారమే ఫోను చెయ్యండి.

రెండోది, అరువు. మన అంగళ్ళు చానా వరకు అరువుతోనే మునిగినాయి. మా నాయన చెప్పులు కుట్టేవాడు. కుట్టించుకున్నోళ్ళు "శెనిక్కాయ వచ్చినాక చూద్దాంలేరా" అనేవాళ్ళు. శెనిక్కాయ వచ్చేది, పొయ్యేది. ఆయన అడగలేకపోయినాడు. అడిగితే కూలికి పిలవరని భయం. ఆయన పోయినాక ఎవరు ఎంత ఇయ్యాలో చెప్పడానికి మాకు ఒక్క కాగితం లేదు.

ఒక లెక్క చెప్తా, వేళ్ళమీద వెయ్యండి. పొద్దున 3000 రూపాయల సరుకు తెచ్చినారు. అంతా అమ్మితే 3600 రావాల. 1000 రూపాయల సరుకు అరువు పోయింది. చేతికి 2600 వచ్చింది. సరుకంతా అయిపోయింది కదా అని సంతోషపడతాం. కానీ పెట్టుబడిలోనే 400 తగ్గింది. ఇంటి ఖర్చుకు 300 తీస్తే మిగిలింది 2300. రేపు మళ్ళీ 3000 సరుకు తేవాలంటే 700 అప్పు చెయ్యాల. నూటికి నెలకు ఐదు వడ్డీ అంటే ఏడాదికి 60. వాళ్ళు మనకు వడ్డీ లేకుండా బాకీ, మనం షావుకారికి వడ్డీతో బాకీ.

మరి అరువు ఇయ్యకుండా కుదురుతుందా? ఊళ్ళో కుదరదు. కాబట్టి అరువుకు మాట నేర్చుకోవాల. ఒకటి, ఇచ్చేటప్పుడే నోటుబుక్కులో వారి ముందర రాసి, పైకి చదవండి: "అన్నా, ఈ రోజు తేదీ వేసి 120 రాసినాను, సరేనా?" చదువు రాకపోతే బడికి పోయే పిల్లతో రాయించండి. రెండు, తేదీ అడగండి. "ఎప్పుడిస్తారు" అని కాదు, "ఒకటో తారీకా, పదో తారీకా?" అనండి. మూడు, నలుగురిలో అడగొద్దు, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. నలుగురిలో అడిగితే అవమానమని కోపం తెచ్చుకుంటాడు, దాన్నే సాకు చేసుకుంటాడు. నాలుగు, అరువుకు హద్దు పెట్టండి. మొత్తం పెట్టుబడిలో పదో వంతు దాటితే కొత్త అరువు లేదు. "సంఘంలో ఇట్లా కట్టుబాటు చేసుకున్నామన్నా, నా ఒక్కదాని మాట కాదు" అని చెప్పండి. ఒంటరి ఆడమనిషి లేదంటే మీదికి వస్తారు. పదిమంది ఒకే మాట అంటే అది పద్ధతి అవుతుంది.

మూడోది, బోర్డు, పేరు. ఇక్కడ అసలు చిక్కు ఉండాది. అంగడిలో బాబాసాహెబ్ ఫొటో పెట్టాలా, వద్దా? పెడితే ఊరోళ్ళు రారని కొందరు, పెట్టకపోతే ద్రోహమని కొందరు. బాబాసాహెబ్ బతుకులోనే దీనికి జవాబు ఉండాది. బరోడాలో ఎవరూ ఇల్లు ఇయ్యకపోతే పారసీ పేరు పెట్టుకొని పారసీ సత్రంలో దిగినాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకొని వచ్చి వెళ్ళగొట్టినారు. దాచిన ముడి ఎప్పుడూ అవతలివాడి చేతిలోనే ఉంటుంది. వాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పుతాడు. కాబట్టి అబద్ధం పేరు పెట్టొద్దు. ఫొటో పెట్టేది పెట్టనిది మాత్రం ఎవరి పొయ్యి వెలగాలో వాళ్ళు తేల్చుకోవాల. నెల జీతం వచ్చేవాళ్ళు, నాలాగా మైకు పట్టుకొని తిరిగేవాళ్ళు, బంకు నడిపే అక్కను ద్రోహి అనకూడదు.

మన పని ఇంకొకటి ఉండాది. కొల్హాపూరు సాహూ మహారాజు కాడ గంగారాం కాంబ్లే అని ఒక దళిత సేవకుడు ఉండేవాడు. నీళ్ళ తొట్టి ముట్టుకున్నాడని అగ్రకులాలోళ్ళు కొట్టినారు. మహారాజు ఆయనకు డబ్బిచ్చి సొంత వ్యాపారం పెట్టుకోమన్నాడు. ఆయన టీ హోటలు పెట్టినాడు. ఎవరూ తాగడానికి రాలేదు. అప్పుడు మహారాజు తన బండి ఆ హోటలు ముందర ఆపించి అందరూ చూస్తుండగా టీ తెప్పించుకొని తాగినాడు, వెంట ఉన్నోళ్ళతో తాగించినాడు. వంద సంవత్సరాల కిందటి మాట ఇది. మనకు మహారాజు లేడు. కానీ సంఘం ఉండాది. మన మీటింగుల టీ ఎక్కడ తాగుతున్నాం? మన పెండ్లిళ్ళకు జాకెట్లు ఎవరితో కుట్టిస్తున్నాం? మన ఉద్యోగస్తులు కోడి ఎక్కడ కొంటున్నారు? మొదటి గిరాకీ మనమే కావాల, నలుగురికీ కనపడేట్టు కావాల.

నాలుగోది, చాటింపు. 1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టినాడు. అదీ మన పత్రిక లాగా పక్షపత్రికే. పత్రిక వస్తోందని ప్రకటన వేయమని, డబ్బులిస్తామని, తిలక్ పెట్టిన 'కేసరి'ని అడిగితే వెయ్యలేదు. డబ్బిచ్చినా మన మాట ఇంకొకరి పత్రికలో రాలేదు. అందుకే మన గొంతు మనకు కావాల. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న పెట్టిన పత్రిక పేరేమి? 'జయభేరి'. భేరి అంటే మళ్ళీ తప్పెట ముచ్చటే.

ఇప్పుడు మన చేతిలో ఏముండాది? మన తనకల్లు కదిరి–మదనపల్లె రోడ్డు మీద ఉండాది. మదనపల్లె టమోటా మార్కెట్టుకు లారీలు పోతుంటాయి. ఆ డ్రైవరుకు మన కులం తెలీదు, మన టీ రుచి తెలుస్తుంది. పోతున్న లారీలోనుంచి చదవాలంటే బోర్డు మీద మూడు మాటలు చాలు: "వేడి టీ – ఉగ్గాని – బజ్జి". అక్షరాలు జానెడు ఎత్తు ఉండాల. బంకు ముందర కాదు, బంకుకు నూరు అడుగుల ముందే కట్టాల. బంకు దాటినాక చదివినోడు బ్రేకు కొట్టడు.

మిషను చెల్లెళ్ళు కుట్టిన బ్లౌజు ఫొటో తీసి ఫోనులో స్టేటస్ పెట్టండి, కింద ధర రాయండి. ధర రాయకపోతే అడగడానికి సిగ్గుపడి ఊరుకుంటారు. సెల్లు పిల్లోడు మాట రికార్డు చేసి చిన్న స్పీకరులో వేస్తే సంతలో గొంతు చించుకునే పని లేదు. కానీ తాత చెప్పిన నియమం మరవొద్దు: ముందు పిలుపు, తర్వాత ఏమి, తర్వాత ఎంత, తర్వాత ఎక్కడ. నాలుగు మాటలే. ఐదో మాట ఎవరికీ గుర్తుండదు.

ఇంకో చిన్న సంగతి. కొందరు చిల్లర చేతికి తగలకుండా పైనుంచి వేసేవాళ్ళు, మీకందరికీ ఆ అనుభవం ఉండాది. ఇప్పుడు ఫోనుతో కొడితే పెట్టె "డబ్బులు వచ్చినాయి" అని అరుస్తుంది. ఆ పెట్టె వల్ల కులం పోలేదు, దాక్కుంది. అయినా దానివల్ల ఒక మేలు ఉండాది: అమ్మకం లెక్క బ్యాంకులో పడుతుంది. రేపు ముద్ర పథకంలో శిశు లోను, 50,000 వరకు తాకట్టు లేకుండా ఇచ్చేది, అడగబోయినప్పుడు ఆ లెక్క కాగితం చూపించి మాట్లాడొచ్చు. బ్యాంకులో కూడా "దయ" అనొద్దు. "నా రోజు అమ్మకం ఇంత, ఖర్చు ఇంత, నెలకు ఇంత కట్టగలను" అనండి.

ఐదోది, కొత్త ఆలోచన. ఇది చదువుకున్నోళ్ళకే వస్తుందని అనుకోవద్దు. కపిల బావుల కాలంలో నీళ్ళు తోడే తోలు సంచులు కుట్టింది మనోళ్ళు. కరెంటు మోటార్లు వచ్చినాయి, ఆ పని పోయింది. ప్లాస్టిక్ చెప్పు వచ్చింది, చెప్పు పనీ సగం పోయింది. పని పోయింది గాని చేతిలో నేర్పు పోలేదు. మన పక్కనే ధర్మవరం దగ్గర నిమ్మలకుంట చూడండి. తోలుబొమ్మలాట చూసేవాళ్ళు తగ్గిపోయినారు. ఆ కళాకారులు అదే మేక తోలు, అదే రంగులు, అదే ఉలి పట్టుకొని దీపాల మీద వేసే గూళ్ళు, గోడకు తగిలించే బొమ్మలు చేసినారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. సరుకు మారలేదు, వాడకం మారింది. కొత్త ఆలోచనంటే అంతే.

ఇంకో ఉదాహరణ, జహీరాబాదు వైపు. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువమంది దళితులే. కొర్రలు, సజ్జలు, జొన్నలు పేదోళ్ళ తిండి అని లోకం చిన్నచూపు చూస్తున్నప్పుడు ఆ విత్తనాలను ఎడ్లబండ్ల మీద అలంకరించి ఊరూరా జాతర తిప్పినారు. కెమెరాలు పట్టి వాళ్ళే సినిమాలు తీసినారు. 2008లో మాచునూరులో సొంత రేడియో పెట్టినారు. బడికి పోని ఆడవాళ్ళు! మనం రాగి సంగటి తినేవాళ్ళం. ఎండాకాలం టీ అమ్మకం తగ్గుతుంది, అప్పుడు అదే బంకులో రాగి అంబలి, మజ్జిగ ఎందుకు పెట్టకూడదు?

ఆలోచన రావాలంటే రాత్రి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ రోజు లేదు అని ఎన్నిసార్లు చెప్పినాను, దేనికి? నా దగ్గర వృథాగా పడి ఉండేది ఏది? నా గిరాకీ ఈ నెలలో ఎక్కడ ఉంటాడు? శెనిక్కాయ పీకే దినాల్లో జనం చేన్లలో ఉంటారు, సెంటర్లో కాదు. టీ ఫ్లాస్కు చేనికి పోవాల. చెప్పులు కుట్టే చెయ్యి బడి సంచి జిప్పు వెయ్యగలదు, బండి సీటు కవరు కుట్టగలదు. జూన్‌లో బడులు తెరిచే ముందు బడి కాడ కూర్చోవాల. మిషను దగ్గర మిగిలిన ముక్కలు సంతకు పోయే సంచులవుతాయి. చీరలకు ఫాల్, పికో వేసే పని మన వీధికి తెచ్చుకోవచ్చు. ఒక్కటే హెచ్చరిక: ఒక అక్కకు బజ్జీలు బాగా పోతున్నాయని పక్కనే ఇంకో నాలుగు బజ్జీల బంకులు పెట్టొద్దు. ధర తగ్గించుకొని ఒకరి కడుపు ఒకరం కొట్టుకుంటే నవ్వేది ఎవరో మీకు తెలుసు. సరుకు మాత్రం కలిసి తెచ్చుకోండి, లారీ బాడుగ పంచుకోండి.

చివరిది, అంగడి మీద దాడి, వెలి. మన గొంతు పెరిగితే "ఆ అంగట్లో కొనొద్దు" అని కట్టడి చేసే రోజు రావచ్చు. అది ఊరి పెద్దల ఇష్టం కాదు, నేరం. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేసి, 2016 జనవరి 26 నుంచి అమలు చేసినారు. దాని ప్రకారం దళితుల మీద సాంఘిక బహిష్కరణ గాని, ఆర్థిక బహిష్కరణ గాని పెట్టినా, పెడతామని బెదిరించినా, మనం వ్యాపారం చేసుకోకుండా అడ్డుకున్నా, ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాకా జైలు, జరిమానా. నలుగురిలో కులం పేరుతో తిట్టడమూ ఆ చట్టం కిందికే వస్తుంది. టీ హోటల్లో మనకు వేరే గ్లాసు పెట్టడం 1955 చట్టం నాటి నుంచే నేరం.

కానీ చట్టానికి కూడా మాట కావాల. ఏడ్చి చెబితే స్టేషన్లో "రాజీ పడండి" అంటారు. కాగితం మీద రాయండి: ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఎవరు, ఏ మాట, ఎవరు విన్నారు. అన్న మాటను అన్నట్టే రాయండి, మన వ్యాఖ్యానం కలపొద్దు. ముందు రోజుల అమ్మకం లెక్క, ఆ రోజు తర్వాత అమ్మకం లెక్క పక్కపక్కన పెట్టండి. మీ నోటుబుక్కు ఇక్కడా సాక్ష్యమే. స్టేషన్లో తీసుకోకపోతే పుట్టపర్తిలో ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి, రశీదు దాచుకోండి. సంఘానికి ఒక నకలు ఇయ్యండి.

ముగిస్తాను. పదిహేను రోజుల్లో మళ్ళీ కలుద్దాం. అప్పటికి ప్రతి ఒక్కరూ మూడు తేవాల. ఒకటి, తేదీలు వేసిన అరువు బుక్కు. రెండు, మీ సరుకు గురించి నాలుగు మాటల చాటింపు, ఇక్కడ నిలబడి గట్టిగా చెప్పాల. మూడు, మూడు ప్రశ్నల్లోనుంచి పుట్టిన ఒక ఆలోచన, పిచ్చిదైనా సరే. సంఘం నాయకులు కూడా ఒకటి తేవాల: ఈ పదిహేను రోజుల్లో మన అంగళ్ళలో ఎక్కడెక్కడ కొన్నారో ఆ పట్టీ.

మా నాయన అడగలేక పోయిన బాకీ నాకు తిరిగి రాదు. మీ పిల్లలు అట్లా చెప్పుకోకూడదు. తప్పెట మన చేతిలోనే ఉండాది, గొంతు మన దగ్గరే ఉండాది. ఈసారి మన కోసం కొడదాం.

జై భీమ్!